"ఏ చేపండీ?": విమానం మెకానిక్కుల జోకులు నిజమేనా

ముమ్మిడివరం దగ్గర నుంచి ఒకాయన అడిగారు. వాళ్ళమ్మగారిని మొదటిసారి విమానం ఎక్కించారట, రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి హైదరాబాద్‌కి. విమానం 40 నిమిషాలు ఆలస్యం. మెట్ల దగ్గరికి నడిచి వెళ్తుంటే రెక్క కింద పైలటూ, మెకానిక్కూ ఒక పుస్తకం చూసుకుంటూ పగలబడి నవ్వుతున్నారట. "డిఫర్ చేసేద్దాం", అంటే వాయిదా వేద్దాం, అన్న మాట కూడా వినపడిందట. ఆయన ప్రశ్న ఇది: "పైలట్ ఏదో కంప్లయింటు రాస్తే మెకానిక్ దానికి కొంటె జవాబు రాసే జోకులు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి కదా, అవి నిజమేనా? మనం ప్రాణాలు చేతిలో పెట్టుకుని కూర్చుంటే వాళ్ళకి నవ్వులాటగా ఉంటుందా? విమానం కుడి రెక్కకున్న ఫ్యాను అసలు తిరగనే లేదని మా అమ్మ ఇంకోసారి ఎక్కనంటోంది." చివర్లో కురిడీలు, అంటే లోపల ఎండిన కొబ్బరికాయలు, విమానంలో పట్టుకెళ్ళొచ్చా అని కూడా అడిగారు. దానికీ వస్తాను.

నేను 31 ఏళ్ళు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేశానండి. ఇంజన్లూ బాడీ చూసే బీ1 లైసెన్సు నాది. మొదట బేగంపేటలో, 2008 మార్చిలో విమానాలన్నీ శంషాబాద్ మారాక అక్కడ, చివరి కొన్నేళ్ళు మన రాజమండ్రిలో. సొంతూరు రావులపాలెం పక్కన.

జోకులు ఉన్నాయి, రోజూ ఉంటాయి. కాకపోతే వాట్సాప్‌లో చూపించినట్టు పుస్తకంలో రాయరు. ఆ జోకుల జాబితా ఒకసారి ఆస్ట్రేలియా కంపెనీ పేరు మీద వస్తుంది, ఇంకోసారి అమెరికా కొరియర్ కంపెనీ పేరు మీద వస్తుంది. జాబితా అదే, పేర్లు మారతాయి, అంతే. మీరు చూసిన పుస్తకం పేరు టెక్ లాగ్. విమానంలో ఏ లోపం కనిపించినా పైలట్ అందులో రాయాలి. దాన్ని మేము స్నాగ్ అంటాం. దాని ఎదురుగా ఏం చూశాం, ఏం మార్చాం, ఏ మాన్యువల్ ప్రకారం చేశాం అన్నది ఇంజనీరు రాసి, సంతకం పెట్టి, కింద లైసెన్సు నంబరు వేయాలి. ఆ సంతకం లేకుండా విమానం కదలదు. రేపు ఏదైనా జరిగితే దర్యాప్తు వాళ్ళు ముందు చేతిలోకి తీసుకునే కాగితాల్లో అదొకటి. అలాంటి చోట వెటకారం రాసే ధైర్యం ఎవరికీ ఉండదు, ఉండకూడదు కూడా. నవ్వులన్నీ నోటితోనే. టీ దగ్గర, రెక్క కింద, హెడ్‌సెట్‌లో.

అయితే ఆ నవ్వు ఎందుకు పుట్టిందో చెబితేనే మీ భయం తీరుతుంది. మా వాళ్ళ జోకుల్లో సగానికి పైగా ఒకే చోట పుడతాయి: సరిగ్గా చెప్పని మాట దగ్గర. మా స్టేషన్లో తిరిగినవి రెండు చెబుతాను. లాగ్‌లో రాసేది ఇంగ్లీషులోనే, మాట్లాడుకునేది మాత్రం మన భాషలో కాబట్టి అలాగే చెబుతాను.

ఒక కెప్టెన్ గారు దిగి వచ్చి, "రెండో రేడియో అప్పుడప్పుడు పనిచేయడం లేదు" అన్నారు. మావాడు వెళ్ళి పావుగంట చూసి వచ్చి, "సార్, మీకు మొదటి అప్పుడు తగిలింది, మాకు రెండో అప్పుడు తగిలింది. ఇప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అన్నాడు.

ఇంకొకటి. "నా సీటు కింద ఏదో చప్పుడు" అని ఒక పైలట్ గారు చెబితే, మావాడు సీటు కింద చెయ్యి పెట్టి ఒక పెన్ను తీసి, "చప్పుడు దొరికింది సార్, మూత మీద మీ పేరే ఉంది" అని చేతిలో పెట్టాడు.

ఇందులో నవ్వు ఎంత ఉందో పని కూడా అంత ఉంది. కాక్‌పిట్‌లో జారిపడ్డ పెన్ను చిన్న సంగతి కాదు. అది పెడళ్ళ సందులోకి దొర్లితే, దిగే సమయంలో పైలట్‌కి పెడల్ పూర్తిగా తొక్కడం కుదరదు. అందుకే చప్పుడు అన్నాక అది దొరికేదాకా వెతకాల్సిందే. ఇక "అప్పుడప్పుడు" అన్న మాటంటే మా అందరికీ టెన్షన్. పూర్తిగా పాడైనదాన్ని గంటలో పట్టుకోవచ్చు, వచ్చీ పోయే లోపం నెలలు తిప్పుతుంది. మధురపూడిలో వేసవిలో నేల మీద 38 డిగ్రీలు ఉంటే, అదే విమానం 17,000 అడుగులకి వెళ్ళేసరికి బయట చలి సున్నా దగ్గరికి వస్తుంది. వెయ్యి అడుగులకి రెండేసి డిగ్రీల చొప్పున తగ్గుతుంది కదా. ఆ చలికి కనెక్టర్ పిన్ను వెంట్రుకవాసి ముడుచుకుంటుంది, రేడియో ఆగుతుంది. దిగేసరికి మళ్ళీ వేడెక్కి అతుక్కుంటుంది. మేము చూస్తే బాగానే ఉంటుంది, "పరీక్షించాం, సంతృప్తికరం" అని రాస్తాం. మళ్ళీ పైకెళ్తే మళ్ళీ ఆగుతుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిష్ వాయుసేన వాళ్ళు ఇలాంటి లోపాలకి గ్రెమ్లిన్లు అని కొంటె దయ్యాలని కల్పించి, వాటి మీద నెపం వేసేవాళ్ళు. మనవాళ్ళు మోటారుకి గాలి సోకింది అంటారు చూడండి, ఆ బాపతే.

కాబట్టి "అప్పుడప్పుడు" అనే కెప్టెన్‌ని మేము ఏడిపిస్తే అది ఆయన్ని తక్కువ చేయడానికి కాదు. ఎంత ఎత్తులో? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? వర్షంలోనా? ఎన్ని నిమిషాలు? ఈ నాలుగూ రాస్తే సగం రిపేరు ఆయనే చేసినట్టు. ఒకసారి ఆ జోకు తగిలిన పైలట్ తర్వాతి సారి తప్పకుండా ఎత్తు రాస్తాడు. 31 ఏళ్ళలో సర్క్యులర్లు ఎన్నో చూశాను గానీ, జోకు పనిచేసినంత బాగా ఏదీ పనిచేయలేదు.

నాకు ఈ పాఠం విమానాల కంటే ముందే తెలుసండి. గోదావరి లంకలో మాకు కాస్త కూరగాయల తోట ఉండేది, దానికో ఆయిల్ ఇంజన్. అది మొరాయిస్తే నాన్నగారు సైకిల్ మీద మెకానిక్ దగ్గరికి వెళ్ళి "ఇంజను దగ్గుతోంది" అనేవారు. ఆయన పానా కిందపెట్టకుండానే అడిగేవాడు: "చుట్ట తాగే దగ్గా, జలుబు దగ్గా అండీ?" నాన్నగారు నవ్వేసి అప్పుడు వివరం చెప్పేవారు. స్టార్ట్ చేసిన వెంటనేనా, నీళ్ళు ఎక్కాకనా, పొగ నల్లగానా, తెల్లగానా. నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువవుతోంది లేదా గాలి అందడం లేదు. తెల్లపొగ అంటే డీజిల్ మండకుండా బయటికి పోతోంది. పొగ రంగు వింటే ఆయన ఏ సామాను పట్టుకుని బయలుదేరాలో తేలిపోయేది. గోదావరి వాళ్ళ వెటకారం అని లోకమంతా అంటుంది గానీ, పనివాడి నోట్లో అది అడిగే పద్ధతి. నొప్పించకుండా రెండో ప్రశ్న వేయడం.

ఇప్పుడు మా స్టేషన్లో అన్నిటికంటే పేరుపడ్డ సంగతి చెబుతాను. ఒక సాయంత్రం ఫ్లైట్. ప్రయాణికులంతా ఎక్కేశారు, తలుపు వేయబోతుండగా వెనక క్యాబిన్‌లో వాసన అని కబురు. కెప్టెన్ గారు ఉత్తరాది ఆయన, లాగ్‌లో "వెనక క్యాబిన్‌లో అసాధారణమైన వాసన" అని రాసి నన్ను పిలిచారు. ఎలాంటి వాసన సార్ అంటే, చెడ్డ వాసన అన్నారు. దాంతో నాకేం తెలుస్తుంది? వాసనని బట్టి వెతికే చోటు మారుతుంది. మాసిన సాక్సుల కంపులా ఉంటే ఇంజన్ ఆయిల్ ఆవిరి లోపలి గాలిలో కలుస్తోందేమో చూడాలి, ఎందుకంటే క్యాబిన్‌కి గాలి ఇంజన్ కంప్రెసర్ నుంచే వస్తుంది. రబ్బరు కాలిన వాసన అయితే వైరింగ్. అక్కడ ఉన్న ఎయిర్ హోస్టెస్ తణుకు అమ్మాయి. కాసేపు మొహమాటపడి, "సార్, ఎండుచేప వాసనలా ఉందండీ" అంది.

అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. కొన్ని రకాల ప్లాస్టిక్కూ, స్విచ్చుల బేకలైటు లాంటి సామానూ వేడెక్కి మాడితే వచ్చేది అచ్చంగా చేప కంపే. ఇంట్లో స్విచ్ బోర్డు దగ్గర చేపల వాసన వస్తే మెయిన్ ఆపమని ఎలక్ట్రీషియన్లు చెప్పేది అందుకే. వెనక ఉన్న దీపాలు, కిచెన్ స్విచ్చులు, టాయిలెట్ ఫ్యాను, ఒక్కొక్క ప్యానెల్ మీద అరచేయి ఆనించి వేడి చూసుకుంటూ వచ్చాను. ఎక్కడా వేడి లేదు. ఇక పైన సామాను అరలు తెరవడం మొదలుపెట్టాను. చివరి నుంచి రెండో వరసకి వచ్చేసరికి ఎవరో నా చొక్కా పట్టుకుని మెల్లగా లాగారు. డెబ్బై ఏళ్ళు దాటిన మామ్మగారు.

"బాబూ, అయ్యి మా మనవడికి పట్టుకెళ్తన్నానయ్యా. పారేత్తారా?"

అరలో పాత చీర గుడ్డలో మూటకట్టిన ఎండు మెత్తళ్ళు. "పారేయం లెండి" అని చెప్పి, రెండు ప్లాస్టిక్ కవర్లు తెప్పించి, గాలి పోకుండా టేపు చుట్టి ఆవిడ చేతికే ఇచ్చాం. నేను ఇంకో ఐదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను, వాసన తగ్గుతోందో లేదో చూడటానికి. తగ్గింది. అప్పుడు లాగ్‌లో ఏయే ప్యానెళ్ళు చూశానో, వాసనకి కారణం ఏమిటో, దాన్ని ఎలా మూసేశామో రాసి సంతకం పెట్టాను. ఒక్క వెటకారం మాట కూడా రాయలేదు. విమానం 25 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరింది. ఇంజన్లు స్టార్ట్ చేసే ముందు హెడ్‌సెట్‌లో కెప్టెన్ గారు, "ఇంజనీర్ సాబ్, వాసన పోయింది, ఆకలి మొదలైంది. దాన్నేం చేద్దాం?" అన్నారు.

ఆ రోజు నుంచి మా స్టేషన్లో ఎవరైనా సగం సగం చెబితే "ఏ చేపండీ?" అని అడగడం అలవాటైపోయింది. టైరు అరిగిందన్నా ఏ చేప, గాలి చల్లగా లేదన్నా ఏ చేప. అంటే ఎంత, ఎక్కడ, ఎప్పుడు అని. మీరు చూసిన ఆ నవ్వు కూడా ఇలాంటిదే అయ్యుంటుంది. పక్కవాడు సరిగ్గా చెప్పాడా లేదా అని ఇద్దరూ తేల్చుకునే చోట వచ్చే నవ్వు అది.

వివరం లేని మాట ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి కెనడాలో జరిగిన ఒక సంగతి చాలు. 1983 జులై 23న ఎయిర్ కెనడా వాళ్ళ బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కి బయలుదేరింది. ఇంధనం చూపించే మీటరు పనిచేయడం లేదు, లెక్క కట్టి పోశారు. కావలసింది 22,300 కిలోలు. ఆ దేశం అప్పుడే పౌండ్ల నుంచి కిలోలకి మారుతోంది. పాత పౌండ్ల లెక్క వాడటంతో కిలోలు కాస్తా పౌండ్లయ్యాయి, అంటే సగానికి కూడా తక్కువ పడింది. 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోయింది. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది కాబట్టి, గిమ్లీ అనే చోట మూసేసిన పాత వైమానిక స్థావరం మీద దింపగలిగాడు. 69 మందీ బతికారు. ఆ విమానాన్ని బాగుచేయడానికి విన్నిపెగ్ నుంచి బయలుదేరిన మెకానిక్కుల వ్యానుకి కూడా దారిలో పెట్రోలు అయిపోయిందని మా వాళ్ళు చెప్పుకుంటారు. కొత్త కుర్రాళ్ళకి ఈ కథకి ముందు నేను ఇదే సంగతి మన మాటల్లో చెప్పేవాణ్ణి: "మన దగ్గర ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. ఇంకో ఊళ్ళో 50 కావచ్చు. పది బస్తాలు వేశానని చెప్పి ఊరుకుంటే ఎవడి బస్తారా?"

"డిఫర్" అన్న మాట గురించి మీ అమ్మగారికి ఇలా చెప్పండి. విమానంలో ఏది పాడైనా ఎగరొచ్చు, ఏది పాడైతే కదలకూడదు అన్నది మెకానిక్ ఇష్టం కాదు. ఎమ్ఈఎల్ అని ముందే ఆమోదం పొందిన జాబితా ఉంటుంది. చదువుకునే లైటు లాంటివి వాయిదా వేయొచ్చు. దానికీ గడువు ఉంటుంది: బి రకం అయితే 3 రోజులు, సి అయితే 10, డి అయితే 120. కనిపెట్టిన రోజు లెక్కలోకి రాదు. గడువు దాటితే విమానం నిలబడిపోతుంది. జాబితా ఒప్పుకున్నా, ఇవాళ్టి వాతావరణంలో నాకు ఇది కావాలి, వాయిదా వద్దు అనే హక్కు కెప్టెన్‌కి ఉంది.

ఆటపట్టించడం కూడా ఉంటుంది, దాచను. కొత్తగా చేరిన కుర్రాణ్ణి "స్టోర్స్‌కి వెళ్ళి ఒక బకెట్ ప్రాప్ వాష్ పట్టుకురా" అని పంపడం పాత అలవాటు. పేరు వింటే ఏదో సబ్బునీళ్ళు అనుకుంటాడు. ప్రాప్ వాష్ అంటే ప్రొపెల్లర్ వెనక కొట్టే గాలి. రాజోలు నుంచి వచ్చిన ఒక కుర్రాణ్ణి అలాగే పంపారు. అరగంట తర్వాత ఖాళీ బకెట్ తెచ్చి సీనియర్ ముందు పెట్టి, "నిండా పట్టానండి. మీరు మూత ఇవ్వలేదు, దారిలో ఎగిరిపోయింది, ఆయ్" అన్నాడు. ఆ తర్వాత వాణ్ణి ఎవరూ పంపలేదు. అయితే తిరుగుతున్న ప్రొపెల్లర్ వెనక గాలి మనిషిని పడేస్తుందని ఆ బ్యాచ్‌లో ఎవరూ మర్చిపోలేదు కూడా.

నేను ఒప్పుకోని ఆటలు ఉన్నాయి. ఒకరి పనిముట్టు దాచడం. మా టూల్ బాక్సులో ప్రతి పానాకి దాని ఆకారంలోనే గాడి ఉంటుంది, ఒకటి లేకపోతే ఆ గాడి ఖాళీగా కనిపిస్తుంది. పని అయ్యాక లెక్క సరిపోతేనే సంతకం. ఒక రాత్రి వేలి గోరంత స్క్రూడ్రైవర్ బిట్టు తగ్గింది. ఇంజన్ కవరు మళ్ళీ విప్పి, టార్చి పెట్టి, నలుగురం రెండు గంటలు వెతికాం. చివరికి ఒక టెక్నీషియన్ ప్యాంటు అంచు మడతలో దొరికింది. పొద్దున ఫ్లైట్ ఆలస్యమైంది, ప్రయాణికులు మమ్మల్ని తిట్టారు, తిట్టే హక్కు వాళ్ళకుంది. ఆ బిట్టు ఇంజన్లోకి వెళ్ళుంటే అన్న ఊహ మాత్రం నాకు ఇప్పటికీ కడుపులో చెయ్యి పెట్టినట్టుంటుంది. అలాంటి చోట సరదాకి దాచినవాణ్ణి నేను క్షమించను.

ఇక తిరగని ఫ్యాను. మీరు ఎక్కింది ఏటీఆర్ రకం. పెద్ద విమానాలకి తోక దగ్గర చిన్న అదనపు ఇంజను ఉంటుంది, నేల మీద ఉన్నప్పుడు కరెంటూ గాలీ అదే ఇస్తుంది. ఏటీఆర్‌కి అది లేదు. బదులుగా కుడి ఇంజను నడుస్తూనే ఉంటుంది, దాని ప్రొపెల్లర్‌ని మాత్రం బ్రేకు వేసి పట్టుకుంటారు. దీన్ని హోటల్ మోడ్ అంటారు. జనం ఎక్కే తలుపు ఎడమ పక్క వెనక ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటు కుడి పక్కన పెట్టారు. బయలుదేరే ముందు బ్రేకు వదిలితే ప్రొపెల్లర్ ఆరు రెక్కలూ తిరుగుతాయి. మీ అమ్మగారు సరిగ్గానే చూశారు, ఇంజను మోగుతోంది, ఫ్యాను తిరగడం లేదు. ఒక పెద్దాయన అయితే మెట్ల దగ్గర ఆగిపోయి, "కరెంటు ఒక ఫేజే వస్తోందా బాబూ?" అని నన్నడిగారు. ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఇదే చెప్పాను, ఎక్కారు.

కురిడీల సంగతి. చెక్ ఇన్ సామానులో గానీ, చేతి సంచిలో గానీ వద్దండి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ. మూసిన చోట దానంతట అదే వేడెక్కి అంటుకునే గుణం ఉందని అంతర్జాతీయంగా ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 1363 నంబరుతో పెట్టారు. అంబాజీపేట నుంచి ఎంత మంచి కాయ ఏరి తెచ్చినా సెక్యూరిటీ దగ్గర తీసేస్తారు, అక్కడ మీ అమ్మగారి మనసు కష్టపడుతుంది. 2024లో శబరిమల భక్తులకి ఇరుముడిలో కొబ్బరికాయ చేత్తో పట్టుకెళ్ళడానికి అనుమతి ఇచ్చారు గానీ, అది 2025 జనవరి 20 వరకే. మనవలకి ఏదైనా పట్టుకెళ్ళాలంటే ఆత్రేయపురం పూతరేకులు పెట్టించండి. అట్టపెట్టెలో, పైన బరువు పడకుండా. ఈసారి అమ్మగారికి కుడి పక్క కిటికీ సీటు తీసుకోండి, బ్రేకు వదలగానే రెక్కలు తిరగడం మొదలయ్యేది ఆవిడే చూస్తారు.